ఖాళీ కూడలికి అన్ని రంగులా?

విన్సెంట్ వాన్ గో 1888 సెప్టెంబరులో గీసిన ‘పసుపు ఇల్లు’ బొమ్మలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు. దక్షిణ ఫ్రాన్సులో ఆర్ల్ అనే పట్టణం, అందులో లామార్తీన్ అనే కూడలి, ఆ కూడలి అంచున అతను అద్దెకు తీసుకున్న ఇల్లు. పక్కనే అతను రోజూ భోంచేసే హోటలు. దూరంగా వంతెన మీద పొగబండి. అక్కడక్కడా కొద్దిమంది మనుషులు. మిగతాదంతా గోడలు, నేల, ఆకాశమే. గోడలు పసుపు, నేల కూడా పసుపే, పైన ఆకాశం చిక్కటి కోబాల్ట్ నీలం. గంధకం రంగు ఎండలో ఆ పసుపు ఇళ్లనీ, వాటి మీది నీలాన్నీ పట్టుకోవడం కష్టమనీ, కష్టం కాబట్టే వదలదలుచుకోలేదనీ తమ్ముడు తెయోకు ఉత్తరం రాశాడు. ఈ బొమ్మ నకలును నంద్యాల గాంధీచౌక్‌లోనో, ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలిలోనో పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందు ఎవరికైనా చూపిస్తే వచ్చే మాట ఊహించవచ్చు. బొమ్మ బాగానే ఉంది, కానీ కూడలి ఎక్కడైనా ఇలా ఉంటుందా? రోడ్డు బూడిద రంగు, గోడ వెలిసిన రంగు, నీడ నలుపు. ఇంత రంగు చిత్రకారుడి ఊహే తప్ప కంటికి కనిపించేది కాదు కదా! ఈ మాటలో సగమే నిజం. ఆ రంగులు మనకు కనిపించవన్నది నిజం. అవి అక్కడ లేవన్నది నిజం కాదు. ఖాళీ కూడలిలో వెలుతురు మోసుకొచ్చే రంగుల్లో చాలా భాగాన్ని మన మెదడు లెక్కలోంచి తీసేస్తుంది. మంచి చిత్రకారుడు ఆ తీసివేతను రద్దు చేస్తాడు. ఈ వ్యాసంలో నిరూపించదలచింది ఇదే.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. పగటిపూట ఆరుబయట ఉన్న ప్రతి వస్తువు మీదా రెండు వెలుగులు పడతాయి. ఒకటి సూర్యుడి నుంచి నేరుగా వచ్చేది, రెండోది ఆకాశం నుంచి వచ్చేది. గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా, పొడుగు తరంగాలను తక్కువగా చెదరగొడతాయి. ఈ చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కనుక 450 నానోమీటర్ల నీలి వెలుగు 650 నానోమీటర్ల ఎర్రటి వెలుగు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా ఉండటానికీ, పొద్దు వాలిన ఎండ పసుపెక్కడానికీ ప్రధాన కారణం ఇదే. సూర్యుడు నేలకు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు కిరణాలు నడినెత్తి మీదున్నప్పటి కంటే అయిదు రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. దారిలో నీలం రాలిపోతుంది. నంద్యాలలో నల్లమల మీంచి పొద్దు పైకొచ్చే వేళ తూర్పు ముఖంగా ఉన్న గోడల మీద పడే ఎండ అందుకే అంత పసుపు. ఇప్పుడు ఆ ఎండకు అడ్డంగా ఒక మిద్దె ఉందనుకోండి. దాని నీడలోకి సూర్యుడి వెలుగు నేరుగా రాదు. వచ్చేది ఆకాశపు వెలుగు మాత్రమే, అంటే నీలం. నిర్మలమైన మధ్యాహ్నం ఎండలో సుమారు లక్ష లక్స్‌ల వెలుతురు ఉంటే ఆరుబయటి నీడలో పది, ఇరవై వేల లక్స్‌లు ఉంటుంది. పదో వంతు అనుకున్నా, బాగా వెలుగున్న గదిలోని వెలుతురుకు అది ఇరవై రెట్లు. అంత వెలుతురున్న చోటును నలుపు అనడం భౌతికశాస్త్రం ప్రకారం కుదరదు. పగటి వెలుగులో వచ్చే మార్పులన్నీ ప్రధానంగా పసుపు, నీలం మధ్యనే అటూ ఇటూ ఊగుతాయని కొలతలు చెబుతాయి. వాన్ గో ఎంచుకున్న రెండు రంగులూ సరిగ్గా ఆ గీతకు రెండు కొసలు.

మరి ఇంత నీలం మనకెందుకు కనిపించదు? కన్ను వెలుగును కొలిచే పరికరం కాదు, వస్తువులను గుర్తుపట్టే పరికరం కావడం వల్ల. ఎండలో పెట్టిన నల్ల కాగితం తన మీద పడ్డ వెలుగులో ఓ నాలుగు శాతాన్ని తిప్పికొడుతుంది. గదిలో, 500 లక్స్‌ల వెలుతురులో ఉన్న తెల్ల కాగితం తొంభై శాతం తిప్పికొడుతుంది. లెక్క వేస్తే ఎండలోని నలుపు నుంచి కంటికి చేరే వెలుగు గదిలోని తెలుపు నుంచి చేరేదానికి తొమ్మిది రెట్లు. అయినా నలుపు నలుపుగానే, తెలుపు తెలుపుగానే కనిపిస్తాయి. చుట్టూ ఉన్న వెలుతురు ఎంతో, ఏ రంగుదో అంచనా కట్టి, దాన్ని మినహాయించి, మిగిలినది వస్తువు రంగు అని మెదడు తీర్పు చెబుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని వర్ణ స్థిరత్వం అంటారు. ఈ మినహాయింపు అన్ని రంగులకూ సమానంగా ఉండదన్నది ఇటీవల తేలిన విషయం. బూడిద రంగుకు కాస్త పసుపు కలిపితే చూసేవాళ్లు పసుపు అంటారు. అదే మోతాదులో నీలం కలిపితే బూడిద రంగనో తెలుపనో అంటారు. నీలపు ఛాయను వస్తువు ఖాతాలో కాక వెలుతురు ఖాతాలో వేసే అలవాటు మనకు ఎక్కువని 2015లో నెవాడా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆ ఏడాది ప్రపంచమంతా తెలుపూ బంగారమా, నీలమూ నలుపా అని కొట్టుకున్న ఒక గౌను ఫొటో వెనక ఉన్న కిటుకు కూడా ఇదే. మన ఇళ్లలో ఈ సంగతి ఏ పరిశోధనా లేకుండానే తెలుసు. పండక్కి గోడలకు సున్నం వేసేటప్పుడు కాస్త నీలిమందు కలుపుతారు. నిజానికి నీలిమందు గోడ నుంచి వచ్చే వెలుగును తగ్గిస్తుంది. అయినా గోడ మరింత తెల్లబడినట్టు కనిపిస్తుంది. సున్నంలోని పసుపు ఛాయను నీలం కొట్టేస్తుంది, మిగిలిన కొద్దిపాటి నీలాన్ని కన్ను తెలుపుగానే లెక్కపెడుతుంది. కూడలి నీడలోని నీలం మాయమయ్యేది కూడా ఈ దారిలోనే. ఎండలోని పసుపు అందరికీ కనిపిస్తుంది, నీడలోని నీలం మాత్రం తేలిగ్గా కనిపించదు.

ఈ సంగతిని పరీక్షించి చూడటానికి నంద్యాల ప్రాంతం అనువైన చోటు. ఇక్కడి నేల కింద పరచుకున్న రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లే అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. ఒక జిల్లాలోని ఊళ్లు వరసగా భూగర్భ శాస్త్రపు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కడం అరుదు. ఈ ప్రాంతపు సున్నపురాళ్ల నుంచి పలకలుగా వచ్చే నాపరాయే బేతంచెర్ల, బనగానపల్లె వైపు అరుగుగా, మెట్టుగా, గచ్చుగా, కొన్నిచోట్ల గోడగా కూడా మారింది. బూడిద రంగు నాపరాయి దాదాపు అన్ని తరంగాలనూ సమానంగా తిప్పికొడుతుంది కనుక తనకంటూ రంగు పెద్దగా చూపించదు. దాని మీద పడ్డ వెలుగు రంగే దాని రంగు. ఎండ పడ్డ నాపరాయి పసుపు, నీడ పడ్డ నాపరాయి నీలం, ఎదుట కావి, సున్నం పట్టెల గుడి గోడ ఉంటే దాని అంచున కొంచెం ఎరుపు. రంగు లేని రాయే వెలుతురు రంగులను అన్నిటికంటే నిజాయతీగా చెబుతుందన్నమాట. ఇక రంగు ఉన్న మన్నూ ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. బేతంచెర్ల పరిసరాల్లో పసుపు మన్ను గనులున్నాయి. దానికి పసుపునిచ్చేది నీరు పట్టిన ఇనుప ఖనిజం. దాన్ని కాల్చి నీటిని తోలేస్తే ఎర్రటి జేగురు అవుతుంది. ఆదిమానవుల రాతి చిత్రాల దగ్గర్నుంచి వాకిలి అరుగుల దాకా మనిషి వాడిన ఎరుపు ఎక్కువగా ఈ జాతిదే. ఆ పసుపు ఖనిజానికి శాస్త్రజ్ఞులు గోథైట్ అని జర్మన్ కవి గోథే పేరు పెట్టారు. గోథే 1810లో అచ్చు వేసిన రంగుల గ్రంథంలో రంగు నీడల మీద విస్తారంగా రాశాడు. ఆ రంగులు బయట లేవు, కన్నే పుట్టిస్తుందని అతని వాదం. అందులోనూ కొంత నిజముంది. పసుపు ఎండ పక్కనే ఉండటం వల్ల నీడ ఉన్నదానికంటే మరికొంత నీలంగా తోస్తుంది. ఆకాశం ఇచ్చిన నీలం కొంత, పక్కనున్న పసుపు పుట్టించిన నీలం కొంత.

ఒక వస్తువుకు ఒకే రంగు ఉంటుందన్న నమ్మకాన్ని ఆళ్లగడ్డ శిల్పుల పని దగ్గర వదులుకోవడం ఇంకా తేలిక. గుళ్లలో మూలవిరాట్టుల కోసం చెక్కే నల్లరాయి ఉలి దెబ్బలు పడ్డంతసేపూ బూడిద రంగులో, కొన్నిచోట్ల దాదాపు తెల్లగా ఉంటుంది. నునుపు పట్టి, నూనె రాశాక అదే రాయి నిగనిగలాడే నలుపవుతుంది. రాయి లోపల ఏమీ మారలేదు. గరుకు తలం తన మీద పడ్డ తెల్ల వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది, ఆ తెలుపు వచ్చి రాతి నలుపుతో కలిసిపోతుంది. నునుపు చేస్తే ఆ వెలుగు అద్దంలోలా ఒకే దిక్కుకు పోతుంది, మిగతా దిక్కుల నుంచి చూసేవాడికి అసలు నలుపు బయటపడుతుంది. సగం చెక్కిన విగ్రహం మీద రెండు రంగులూ పక్కపక్కనే ఉంటాయి. అందులో నిజమైన రంగు ఏదని అడిగితే జవాబు లేదు. వాన పడ్డ నాపరాళ్ల కూడలి కూడా ఇలాంటిదే. నీళ్లు సన్నటి రంధ్రాల్లో నిండితే వెలుగు రాతిలోకి మరింత లోతుకు వెళుతుంది, ఎక్కువ భాగం లోపలే ఇంకిపోతుంది, రాయి ముదురు రంగుకు తిరుగుతుంది. కాబట్టి చిత్రకారుడు కూడలి అసలు రంగును మార్చేశాడని నింద వేసేవారు ముందు ఆ అసలు రంగు ఏ గంటది, ఏ రుతువుదో చెప్పాలి.

కూడలి ఖాళీగానే ఎందుకుండాలి? జనం ఉంటే రంగులు మరింత ఎక్కువ కదా, చీరలు, పండ్ల బండ్లు, ఆటోలు, ఫ్లెక్సీలు అని అనవచ్చు. ఉంటాయి, కానీ అవి వస్తువుల రంగులు. మన చూపు వాటి వెంట పరుగెడుతుంది. పైగా కదలికను పసిగట్టే దృష్టి మార్గాలు రంగును దాదాపు పట్టించుకోవు. రద్దీ కూడలిలో ఆటో తగలకుండా దాటాలనుకునేవాడికి నీడ రంగుతో పనేముంది? చూపు నిలిపిన చోటు తప్ప మిగతా దృశ్యంలో రంగును మనం ఎంత తక్కువగా గమనిస్తామో 2020లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం చూపింది. తలకు తగిలించుకునే తెరల్లో నిజ జీవిత దృశ్యాలు చూపిస్తూ, చూపు పడిన భాగంలో మాత్రం రంగు ఉంచి చుట్టూ ఉన్నదాన్ని క్రమంగా నలుపు తెలుపు చేశారు. దృశ్యంలో అయిదు శాతం కంటే తక్కువ భాగానికే రంగు మిగిలినప్పుడు కూడా దాదాపు మూడో వంతు మంది తేడా కనిపెట్టలేదు. మనుషులూ బండ్లూ తొలగిపోతే కూడలిలో మిగిలేవి పెద్ద పెద్ద తలాలే, అంటే గోడ, నేల, ఆకాశం, నీడ. అవి కదలవు, మన దారికి అడ్డు రావు. వెలుగు రంగు కనిపించడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. నిశ్శబ్దమైన కూడలిని చిత్రకారులు మళ్లీ మళ్లీ ఎంచుకోవడానికి ఒంటరితనం మీది మమకారాన్ని కారణంగా చూపే విమర్శకులున్నారు. అది కొంత నిజం కావచ్చు గానీ, వెలుతురును చదవాలంటే అక్షరాలు అక్కడే పెద్దవి.

ఇక అభ్యంతరాలు. మొదటిది కెమెరా. సెల్‌ఫోన్‌తో అదే కూడలిని తీస్తే నీడ బూడిద రంగులోనే వస్తుంది, యంత్రం అబద్ధమాడుతుందా అని అడుగుతారు. యంత్రం అబద్ధమాడదు, కానీ మనల్ని అనుకరిస్తుంది. ఫోన్ కెమెరాల్లో వైట్ బ్యాలెన్స్ అనే సవరణ తనంతట తానే పనిచేస్తూ, వెలుగు రంగును అంచనా కట్టి తీసేస్తుంది. మన మెదడు చేసే పని అదే. ఆ సవరణను ఎండ గుర్తు మీద స్థిరంగా పెట్టి, నిర్మలమైన రోజున పూర్తిగా నీడలో ఉన్న సున్నపు గోడను ఫొటో తీస్తే నీలం స్పష్టంగా పడుతుంది.

రెండో అభ్యంతరం బలమైనది. నీడలో నీలం ఉందనుకుందాం, కానీ ఇంత నీలమా? వాన్ గో ఆకాశంలో, గోడల్లో ఉన్నంత రంగు వెలుతురులో లేదు, అతను పెంచాడు. అవును, పెంచాడు. కానీ ఎందుకు పెంచాల్సి వచ్చిందో చూడాలి. గుడ్డ మీద వేసే అతి తెల్లని రంగు తొంభై శాతం, అతి నల్లని రంగు ఓ నాలుగు శాతం వెలుగును తిప్పికొడతాయి, అంటే రెంటికీ మధ్య తేడా ఇరవై రెట్లకు కాస్త ఎక్కువ. కూడలిలో ఎండ పడిన సున్నపు గోడకూ, నీడలోని నల్లటి తలుపుకూ మధ్య తేడా నూటయాభై రెట్లు దాటుతుంది. ఈ నూటయాభైని ఆ ఇరవైలో ఇమడ్చటం ఏ చిత్రకారుడి వల్లా కాదు. జర్మన్ భౌతికశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ 1870ల మొదట్లో చిత్రకళ మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ సమస్యను విడమరిచాడు. బొమ్మ ప్రకృతికి నకలు కాలేదు, అనువాదం మాత్రమే కాగలదని అతని వివరణ సారాంశం. వెలుగులో చూపలేని తేడాను చిత్రకారుడు రంగులో చూపిస్తాడు. ఎండను మరింత తెల్లగా చేయలేడు కనుక మరింత పసుపు చేస్తాడు, నీడను మరీ నల్లగా చేస్తే అందులోని వెలుతురు చచ్చిపోతుంది కనుక నీలం చేస్తాడు. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి పెంచుతాయని, పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకపు విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లోనే పుస్తకం రాశాడు. నల్ల నూలుకు చిక్కదనం చాలడం లేదని ఫిర్యాదులొస్తే పరీక్షించి, లోపం అద్దకంలో లేదు, పక్కనున్న నీలపు నూలులో ఉందని తేల్చిన మనిషి ఆయన. ఆ విద్య తరవాతి తరం చిత్రకారులకు అందింది. కాబట్టి ‘పసుపు ఇల్లు’లో ఉన్నది గాలిలో కట్టిన అతిశయోక్తి కాదు. దిశ ప్రకృతిదే, మోతాదు మాత్రం చిత్రకారుడిది.

మూడో మాట తరచుగా వినిపిస్తుంది గానీ అంత బరువైనది కాదు. వాన్ గోకు మందుల వల్ల లోకమంతా పసుపుగా కనిపించేదనీ, అందుకే అలా గీశాడనీ 1981లో ఒక అమెరికా వైద్యుడు ఊహ చేశాడు. అదే నిజమైతే పలక మీది రంగులూ అతనికి పసుపుగానే కనిపించాలి. పసుపు కంటితో చూసిన గోడకు సరిపోయే రంగును అదే కంటితో ఎంచుకుంటే రెండు తప్పులూ కొట్టుకుపోయి మనకు మామూలు గోడే కనిపిస్తుంది. పైగా పసుపు కన్నువాడికి అంత నిర్మలమైన నీలం ఎలా చిక్కింది? అసలు జాగ్రత్త పడాల్సింది కంటి విషయంలో కాదు, రంగు గొట్టాల విషయంలో. అతను వాడిన క్రోమ్ పసుపు వెలుతురుకు క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుందనీ, అందులోని క్రోమియం రసాయనికంగా మారడమే కారణమనీ 2011లో యూరప్ పరిశోధకులు ఎక్స్‌రే కిరణాలతో తేల్చారు. అతను వాడిన ఒక రకం ఎర్ర రంగు వెలిసిపోయే జాతిది. ఆ ఇంట్లోని పడకగదిని గీసిన బొమ్మలో గోడలు మొదట ఊదా రంగులో ఉండేవి, ఎరుపు పోయి నీలం మిగిలింది. నేడు మ్యూజియంలో కనిపించేది 1888 నాటి రంగుల లెక్క కాదు. అది నా వాదనకు కొంత ఇబ్బందే. అయితే పసుపు తగ్గే దిశలోనే మారింది కనుక, అతని చేతి నుంచి వచ్చినప్పుడు ఎండ మరింత ఎండగానే ఉండి ఉండాలి.

ఇంతా చెప్పి, ఆర్ల్ రంగులను తెచ్చి నంద్యాల మీద పూయమనడం లేదు. ఆర్ల్ ఉత్తర అక్షాంశం సుమారు 43.7 డిగ్రీలు, నంద్యాలది సుమారు 15.5. సెప్టెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం అక్కడ పదడుగుల గోడకు పదడుగుల నీడ పడితే, ఇక్కడ మూడడుగులే పడుతుంది. మే మొదట్లో, మళ్లీ ఆగస్టు రెండో వారం ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ కాళ్ల కిందికి పోతుంది. వేసవిలో దుమ్ము మరో సంగతి. ధూళి రేణువులు అణువుల కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. ఆకాశం తెల్లబారుతుంది, దానితో నీడ నీలమూ పలచబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నపు గాంధీచౌక్‌కు ఎవరైనా కోబాల్ట్ నీలపు నీడలు వేస్తే అది చూసి వేసింది కాదు, వాన్ గోను చూసి వేసింది. వానలు వెనకపట్టి గాలి కడిగినట్టున్న కార్తీక, మార్గశిర మాసాల ఉదయాలే ఇక్కడి చిత్రకారుడికి అసలైన కాలం. వెలుతురుకు సంబంధం లేకుండా కూడళ్లు గీసినవాళ్లూ లేకపోలేదు. ఇటలీ చిత్రకారుడు డి కిరికో 1910 నుంచి గీసిన ఖాళీ కూడళ్లలో పచ్చటి ఆకాశాలు, ఒకే సూర్యుడికి కుదరని పొడుగు నీడలు ఉంటాయి. అవి కలకు సంబంధించినవి, వాటిని ఈ తూకంతో తూచలేం.

నిరూపణకు ఖర్చేమీ లేదు. నోటుపుస్తకంలో తెల్ల కాగితం చించి గొట్టంలా చుట్టండి. మబ్బు లేని ఉదయం కూడలిలో నిలబడి, సున్నపు గోడ మీది నీడ భాగం మాత్రమే కనిపించేలా అందులోంచి చూడండి. తరవాత ఎండ భాగం, మళ్లీ నీడ. చుట్టుపక్కలేవీ కనిపించనప్పుడు మినహాయింపు లెక్క వేయడానికి మెదడుకు ఆధారం దొరకదు, నీలం బయటికొస్తుంది. మన బడుల్లో డ్రాయింగ్ మాస్టార్లకు ఒక మనవి. నీడకు నల్ల పెన్సిలు రుద్దమని పిల్లలకు చెప్పే ముందు వాళ్లను ఒక్కసారి ఈ గొట్టంతో బయటికి పంపండి. ఎవరైనా తిరిగొచ్చి నీడకు నీలం వేస్తే మార్కులు తగ్గించకండి.